పిండికట్టు మీద పదమూడో ఎక్కం

ఈ మధ్య, వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ పనిమీద ఆస్పత్రికి వెళ్లాను. చూసిన డాక్టరుకు ముప్ఫై ఏళ్లుంటాయేమో. నా ప్యాంటు పైకి మడిచి చూసి, పక్క గదిలో ఉన్న ఇద్దరు కుర్ర డాక్టర్లను కేకేశాడు. “రండి రండి, పోలియో కాలు. చిన్నవయసు వాళ్లలో ఇక మీకు కనిపించదు” అన్నాడు. వాళ్లు వంగి చూశారు. ఒకమ్మాయి మోకాలి వెనక ఉన్న పాత కోత మచ్చను వేలితో తాకి, “ఇది ఎప్పుడు చేశారు సార్?” అని అడిగింది. 1987 అన్నాను. అప్పటికి ఆ అమ్మాయి పుట్టి ఉండదు.

ఇలాంటి కాలు వాళ్లకు ఇక కనిపించకపోవడం సంతోషమే. మన దేశంలో సహజ పోలియో వైరస్ సోకిన చివరి బిడ్డ 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో కనిపించింది. 2014 మార్చిలో పోలియో పోయిందని మనకు సర్టిఫికెట్ ఇచ్చారు. అంటే దేశానికొక సర్టిఫికెట్, నాకొక సర్టిఫికెట్. ఆ అమ్మాయి ఇంకా చాలా అడిగింది. ఎక్కడ ఆపరేషన్ చేశారు, బడికి ఎలా వెళ్లేవారు, కాలికి కట్టుకునే ఇనప కడ్డీల కాలిపర్ ఎవరు చేసి ఇచ్చారు అని. వెనక క్యూ ఉంది, రెండు ముక్కల్లో చెప్పి వచ్చేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మాది చంద్రగిరి దాటాక స్వర్ణముఖి ఒడ్డున ఉన్న చిన్న పల్లె. 1978లో పుట్టాను. పద్నాలుగో నెలలో, వానాకాలంలో, జ్వరం వచ్చింది. అప్పటికే గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేసేవాడినట. ఊళ్లో సూదులు వేసే ఒకాయన ఉండేవాడు. అమ్మ నన్ను ఎత్తుకుపోయి కుడి పిర్రకు సూది వేయించింది. మర్నాడు జ్వరం తగ్గింది. మూడోనాడు పొద్దున లేపి నిలబెడితే కుడికాలు వేలాడిపోయింది.

పోలియో వైరస్ నోటి ద్వారా పోయి పేగుల్లో పెరుగుతుంది. సోకిన రెండు వందల మందిలో దాదాపు ఒకరికి మాత్రమే వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలను దెబ్బతీస్తుంది. వైరస్ ఒంట్లో ఉన్న రోజుల్లో కండకు సూది పొడిస్తే పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుందని, తరచుగా సూది పడిన కాలే పడిపోతుందని డాక్టర్లకు చాలాకాలంగా తెలుసు. మా ఊళ్లో సూది వేసే ఆయనకు తెలియదు. అమ్మకు అంతకంటే తెలియదు. వైరస్ ముందే ఉంది కదా, నీ తప్పేమీ లేదు అని పెద్దయ్యాక నేను ఎన్నిసార్లు చెప్పినా, ఆమె లెక్క ఆమెది. సూది వేయించింది, కాలు పోయింది.

ఇంకో సంగతి చెప్పాలి, చాలామందికి తెలియదు కాబట్టి. పోలియో కాలికి స్పర్శ పోదు. కదలదు, అంతే. దోమ కుడితే తెలుస్తుంది. తోలడానికి ఆ కాలు విదిలించలేను, చెయ్యి పోవాలి. చలికాలంలో అది మంచుగడ్డలా ఉండేది. అవ్వ రాత్రిపూట తన రెండు పాదాల మధ్య పెట్టుకుని పడుకునేది.

మొదట నన్ను తీసుకుపోయింది ఆస్పత్రికి కాదు, పుత్తూరు కట్టుకు. మా వైపు ఎముక విరిగితే ఆ రోజుల్లో మొదట గుర్తొచ్చేది అదే. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు. అక్కడి పెద్దాయన కాలిని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఎముక కాదమ్మా, మా దగ్గర లేదు దీనికి, డబ్బు పోసుకోకండి” అని పంపేశాడట. ఆ ఒక్క మాటకే ఆయనకు దండం పెట్టాలి. తర్వాత తగిలిన వాళ్లెవరూ అంత సులువుగా వదల్లేదు. ఒకరు పావురం రక్తం రుద్దమన్నారు, రుద్దారు. ఇంకొకరు ఇసుకలో పాతి నిలబెట్టమన్నారు. స్వర్ణముఖిలో అప్పట్లో ఇసుక బాగా ఉండేది. అవ్వ ఎండ ఎక్కాక నడుము లోతు గొయ్యి తీసి, నన్ను అందులో దించి, చుట్టూ వేడి ఇసుక కప్పి, ఎదురుగా కూర్చుని మరమరాలు తినిపించేది. అది నాకు బాగా గుర్తు. ఊరిని, ఏటిని, మామిడి తోపును నిలబడి చూసింది మొదట అక్కడే. తర్వాత ఏళ్లకు వ్యాయామం చేయించే సారుకు ఈ సంగతి చెబితే నవ్వి, “మీ అవ్వ ఆలోచన తప్పు కాదు, వేడి, నిలబెట్టడం రెండూ మేమూ చేస్తాం, కాకపోతే గొయ్యి ఇంటికి మోసుకెళ్లలేరు కదా” అన్నాడు.

1981లో నాయన పాడి ఆవును అమ్మి వేలూరు తీసుకుపోయాడు. చిత్తూరు మీదుగా బస్సు. అక్కడి సీఎంసీ ఆస్పత్రిలో అవిటివాళ్ల కోసమే ఒక విభాగం ఉందని ఎవరో చెప్పారు. దాన్ని మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయిన మనిషి. చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది. అమెరికా వెళ్లి ఈ వైద్యం నేర్చుకుని వచ్చి, 1960లలో అక్కడ పునరావాస కేంద్రాన్ని నిలబెట్టింది. మేం వెళ్లేసరికి ఆమె రిటైరయ్యారు. అయినా అక్కడెవరో ఆమె గురించి చెప్పిన మాట నాయన ఇంటికి మోసుకొచ్చి జీవితాంతం వాడుకున్నాడు. నేను దేనికి మొండికేసినా, “కుర్చీలో కూర్చుని ఆపరేషన్లు చేసిందిరా ఆమె, నువ్వు లేచి నీళ్లు తాగలేవా” అనేవాడు.

వేలూరులో చెప్పింది సూటిగానే చెప్పారు. చచ్చిన నాడీకణం తిరిగి రాదు. రోజూ కాలు సాగదీసి వ్యాయామం చేయించండి, కాలిపర్ వేసి నిలబెట్టండి, లేకపోతే మోకాలు ముడుచుకుపోతుంది, ఆరు నెలలకోసారి రండి అన్నారు. నెల రోజులు అమ్మ పొద్దున్నే నూనె రాసి సాగదీసింది. చెరకు నరికే రోజులు వచ్చాయి. బెల్లం వండే రోజులు వచ్చాయి. చెల్లి పుట్టింది. అమ్మడానికి రెండో ఆవు లేదు. మళ్లీ వేలూరు వెళ్లలేదు. వాళ్లు చెప్పినట్టే మోకాలు ముడుచుకుంది. నేను పాకడం మొదలుపెట్టి, పాకడంలో ఆరితేరాను. రెండు అరచేతులకూ ఎడమ మోకాలికీ కాయలు కాచాయి. కోడిని పట్టమంటే నడిచే పిల్లలకంటే ముందు నేనే పట్టేవాడిని.

1985లో, ఏడేళ్లప్పుడు, అవ్వ నన్ను చంకనేసుకుని బడికి తీసుకుపోయింది. పెద్ద అయ్యవారు వరండా మీద నిలబడి ఉన్నాడు. మూడు మెట్ల కింద మేము. “నడక వచ్చాక తీసుకురామ్మా. పడి దెబ్బ తగిలితే ఎవరు పూచీ?” అన్నాడు. అవ్వ నన్ను పై మెట్టు మీద దింపి, కొంగు సవరించుకుని, “నడిచే వాడికి చదువు రాకపోయినా మడక దున్నుకుంటాడు సామీ. నడవలేని వాడికి చదువు కూడా లేకుంటే వాడేం చేయాలి?” అంది. ఆయన లోపలికి పోయాడు. కొత్తగా వచ్చిన చిన్న అయ్యవారు ఏమీ అనకుండా రిజిస్టరు తెచ్చి అక్కడే, మెట్టు మీద కూర్చుని, నా పేరు రాసుకున్నాడు. ఇంట్లో అక్షరాలు వచ్చేశాయి కాబట్టి రెండో తరగతి.

ఆ ఏడే తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలో బర్డ్ ఆస్పత్రి పెట్టింది. పోలియో పిల్లలకు ఆపరేషన్ చేసి నడిపిస్తారట, డబ్బు అడగరట అన్న కబురు మా పల్లెకు చేరడానికి రెండేళ్లు పట్టింది. పన్నెండు కిలోమీటర్లు రావడానికి రెండేళ్లు. చెప్పింది కూడా బస్సు కండక్టరు.

1987 జూన్. ఆస్పత్రి వరండాలో అడుగు పెట్టగానే నాకు కలిగింది భయం కాదు, ఆశ్చర్యం. అంతకుముందు నా లాంటి పిల్లవాడిని నేను చూడలేదు. అక్కడ అందరూ నా లాంటివాళ్లే. పాకేవాళ్లు, చేత్తో తొడ నొక్కిపట్టి నడిచేవాళ్లు, తల్లుల చంకల్లో కాళ్లు వేలాడేసిన వాళ్లు. ఒక పిల్ల నాకంటే వేగంగా పాకుతూ పోయి నీళ్ల కుండ దగ్గర నన్ను దాటేసింది. అది కొంచెం అవమానంగా కూడా అనిపించింది.

డాక్టరు నన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి మోకాలిని నొక్కి చూశాడు. లంబకోణం కంటే ఎక్కువ తెరుచుకోలేదు. “తుంటి పక్కన, మోకాలి వెనక, మడమ పైన మూడు చోట్ల బిగుసుకుంది. మూడూ వదులు చేయాలి. తర్వాత కట్లు మారుస్తూ మెల్లగా సాగదీయాలి” అన్నాడు. “నరాలు కోస్తారా సార్?” అని అడిగాడు నాయన. “నరం కాదు, కండను ఎముకకు కట్టి ఉంచే తాడు అనుకో” అని చెప్పి, తన మడమ వెనక పట్టుకుని చూపించాడు. ఒక్కసారే నిటారుగా లాగేయకూడదా అని నేను అడిగాను. మోకాలి వెనక రక్తనాళం, అసలైన నరం రెండూ ఏళ్లతరబడి పొట్టిగా ఉండిపోయాయని, హడావుడిగా లాగితే అవి దెబ్బతింటాయని తొమ్మిదేళ్ల వాడికి అర్థమయ్యేలా చెప్పాడు. నాకు చెప్పడం అవసరం అనుకున్న మొదటి పెద్దమనిషి ఆయన.

ఆపరేషన్ గురించి చెప్పడానికి ఏమీ లేదు, మత్తులో ఉన్నాను. లేచాక తుంటి నుంచి కాలివేళ్ల దాకా పిండికట్టు. రెండు వారాలకోసారి కట్టు కోయడం, కాలిని మరికాస్త సాచడం, కొత్త కట్టు వేయడం. కట్టు కోసే రంపం చప్పుడుకు వార్డంతా ఏడుపు మొదలుపెట్టేది. కోసే అతను నా ఏడుపు చూసి రంపాన్ని ఆన్ చేసి తన అరచేతికే ఆనించుకున్నాడు. తెగలేదు. అది తిరగదు, అదురుతుందంతే, గట్టిదాన్నే కోస్తుంది, మెత్తటి తోలును కోయదు అన్నాడు. ఆ తర్వాత కొత్తగా వచ్చిన పిల్లలకు ఈ సంగతి చెప్పే ఉద్యోగం నేను తీసుకున్నాను.

అసలు కష్టం దురద. కట్టు లోపల, ఆగస్టు ఉక్కలో, కదలని కాలికి కదిలే దురద. చీపురుపుల్ల దూర్చి గోకేవాళ్లం. నర్సమ్మ పుల్లలు ఏరి పారేసేది, మేం మళ్లీ సంపాదించేవాళ్లం.

మా వార్డులో మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక అన్న ఉండేవాడు, పదో తరగతి. రెండు కాళ్లకూ కట్లే. పగలంతా తోచక చిన్నపిల్లలందరికీ చదువు చెప్పేవాడు. పలక లేదు. నా కాలు తెల్లగా, పొడవుగా, కదలకుండా ఉంది. దాని మీద పెన్సిలుతో ఎక్కాలు రాశాడు. పన్నెండు దాకా నాకు వచ్చు. పదమూడో ఎక్కం తొడ దగ్గర మొదలై మోకాలి దాకా వచ్చింది. తల వంచితే పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది కనిపించేది. తర్వాతి వారం కట్టు కోసినప్పుడు రంపం సరిగ్గా ఆ ఎక్కం మధ్యలోంచి పోయింది. అన్నకు కోపం వచ్చింది. కొత్త కట్టు ఆరకముందే మళ్లీ రాయబోయి మెత్తటి పిండిలో పెన్సిలు దిగబడి తిట్లు తిన్నాడు. ఇప్పటికీ పదమూడో ఎక్కం నాకు పైనుంచి కిందికి, కొంచెం వంకరగా గుర్తొస్తుంది.

నాలుగు నెలల తర్వాత కాలు నిటారుగా వచ్చింది. కాలిపర్ కొలతకు పిలిచారు. గోధుమరంగు కాగితం మీద కాలు పెట్టి చుట్టూ పెన్సిలుతో గీత గీశారు. రెండు పక్కలా రెండు ఇనప కడ్డీలు, తొడ పైన ఒక తోలు పట్టీ, పిక్కకు ఒకటి, మోకాలి మీద బిళ్ల లాంటి మెత్త, కింద బూటు. కుడికాలు ఒక అంగుళం పొట్టి కాబట్టి ఆ బూటుకు అట్ట మందం ఎక్కువ. నాయన దాన్ని ఇంటికి తెచ్చాక బెల్లం తూచే కాటాలో వేశాడు. కిలోన్నర పైనే తూగింది.

మోకాలి దగ్గర రెండు పక్కలా రెండు రింగులు ఉంటాయి. లేచి నిలబడి కాలు సాచగానే అవి జారి కీలు మీద పడి తాళం వేసినట్టు పట్టుకుంటాయి. టక్, టక్. కూర్చోవాలంటే రెంటినీ పైకి లాగాలి. నిలబడటం అంటే నాకు ఇప్పటికీ ఆ చప్పుడే. ఒక రింగు పడి రెండోది పడకపోతే నేరుగా నేల మీదికే. సమాంతరంగా కట్టిన రెండు గొట్టాల మధ్య నడక నేర్పిన సారు మొదట నేర్పింది నడక కాదు, పడటం. కర్రను దూరంగా విసిరేసి చేతులు ముందుకు సాచి పడాలి. రోజంతా పడ్డాను.

నడిచి బడికి వెళ్లాను. నవంబరు నెల. మూడు మెట్లు ఎక్కడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు, పిల్లలంతా వరండాలోకి వచ్చి చూశారు. లోపలికి పోతే హాజరుపట్టీలో నా పేరు లేదు. చాలాకాలం రాలేదు కాబట్టి కొట్టేశారు. చిన్న అయ్యవారు బదిలీ అయిపోయాడు. నడక వచ్చాక రమ్మన్న పెద్ద అయ్యవారే, నడిచి వచ్చిన నన్ను చూసి, వచ్చే ఏడు మళ్లీ మూడులో చేర్చమన్నాడు. మాకు అడగడం తెలియదు. అవ్వ ఉంటే అడిగేది. మేం ఆస్పత్రిలో ఉన్నప్పుడే అవ్వ పోయింది. నాకు చెప్పకుండా దాచారు.

అవిటి పిల్లలను మామూలు బడుల్లోనే చదివించడానికి కేంద్ర ప్రభుత్వం 1974లోనే ఒక పథకం పెట్టిందని, పుస్తకాలకు, బట్టలకు, రాకపోకల ఖర్చులకు అందులో డబ్బు ఉండేదని ఉద్యోగంలో చేరాక ఒక పాత ఫైలు తిరగేస్తూ చదివాను. నేను పుట్టకముందే పుట్టిన పథకం. పన్నెండు కిలోమీటర్లకు రెండేళ్లు పట్టిన కబురు నయం, కండక్టరు పుణ్యమా అని వచ్చింది.

హైస్కూలు రెండు మైళ్లు. నాయన సైకిలు వెనక దింపేవాడు. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పేరు మాత్రం పెట్టారు, అది ఇక్కడ రాయను, అందరికీ తెలిసిన పేరే. నేల మీద కూర్చునేటప్పుడు కాలిపర్ కాలు సాచి ఉంచాలి కాబట్టి వరుస చివర కూర్చునేవాడిని. ఎవరో ఒకరు రోజూ తట్టుకునేవారు. హైస్కూల్లో నాకున్న అతి పెద్ద సమస్య ఏ కమిటీ రాసుకోదు. మూత్రానికి మగపిల్లలంతా గట్టు దిగి కంపచెట్ల వెనక్కు పోయేవారు. ఆ గట్టు నేను దిగలేను. అందుకని పొద్దున ఏడు తర్వాత నీళ్లు తాగేవాడిని కాదు. సాయంత్రం ఇంటికి వచ్చి చెంబెడు నీళ్లు ఎత్తి తాగుతుంటే అమ్మ, “బడిలో నీళ్లు లేవా?” అనేది. ఉన్నాయి.

ఏడో తరగతి పరీక్ష గది మేడ మీద పడింది. కింద రాయిస్తారా అని నాయన అడిగితే నంబరు ఎక్కడ ఉంటే అక్కడే రాయాలన్నారు. ఆరు పరీక్షలూ నాయన వీపు మీద ఎక్కి వెళ్లాను. నా కంటే కాలిపరే బరువని నవ్వేవాడు. ఆ వేసవిలోనే, 1993లో, పాదానికి రెండో ఆపరేషన్ చేశారు. మడమ దగ్గర మూడు కీళ్లను కలిపి అతికించేశారు, పాదం పక్కకు ఒరగకుండా. పాదం ఎముకలు ఎదగడం దాదాపు పూర్తయ్యాకే అది చేస్తారు. ఈసారి నాయన తెలివి తెచ్చుకున్నాడు. సెలవులు చూసుకుని తేదీ అడిగాడు, ఎనిమిదో తరగతికి కట్టుతోనే వెళ్లాను, పేరు కొట్టేసే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు.

పదో తరగతిలో ఉండగా, 1995 డిసెంబరు 9న, దేశమంతా మొదటి పల్స్ పోలియో. మూడేళ్ల లోపు పిల్లలందరికీ ఒకేరోజు చుక్కలు. మా ఊరి బడి వరండాలో, ఆ మూడు మెట్ల పైన, బల్ల వేశారు. అంగన్‌వాడీ అక్క ఇంటికి వచ్చి, కాస్త ఇబ్బంది పడుతూనే, “నువ్వు వచ్చి మా పక్కన కూర్చోరా. జనం చూస్తే పిల్లలను తెస్తారు” అంది. పోస్టరు బదులు నేను. అమ్మకు కోపం వచ్చింది. నాకు ఏమనిపించిందో అప్పుడు తెలియదు. నిక్కరు వేసుకుని వెళ్లాను, కాలిపర్ బాగా కనిపించాలని. అమ్మ కూడా వచ్చి నా వెనక స్తంభానికి ఆనుకుని నిలబడింది.

జనం వచ్చారు. నా కాలిని చూసి, పిల్లల నోళ్లు తెరిపించారు. పదకొండు దాటాక పై వీధి కొత్త కోడలు బిడ్డను భుజాన వేసుకుని వచ్చి మెట్ల దగ్గరే ఆగిపోయింది. రాత్రి నుంచి బిడ్డ ఒళ్లు వెచ్చగా ఉందని, జ్వరంలో ఏమీ వేయించవద్దని అత్త చెప్పిందని, వెనక్కు తిరగబోయింది. అంగన్‌వాడీ అక్క ఏదో చెప్పబోయింది. ఈలోగా అమ్మ మెట్లు దిగింది.

“ఇది సూది కాదమ్మా. చుక్కలు. వేయించు” అంది. ఆ పిల్ల కదల్లేదు. అమ్మ ఆమె చేయి పట్టుకుంది. “నేను జ్వరంలో సూది వేయించాను. వీడికి” అని నా వైపు చూపించింది.

ఇంట్లో కూడా ఆ మాట అమ్మ నోట నేను అప్పటిదాకా వినలేదు. నాయన, అవ్వ చెబితే తెలిసిందే. ఆ కోడలు నా కాలిని కాక నా మొహాన్ని చూసింది. నేను లేవబోయాను, ఎందుకో తెలియదు. రింగులు పడ్డాయి, టక్, టక్. ఆమె మెట్లెక్కి వచ్చి బిడ్డను బల్ల దగ్గరకు వంచింది. రెండు చుక్కలు పడ్డాయి. చేదో ఏమో, బిడ్డ మూతి వంకర పెట్టింది. అమ్మ కొంగుతో దాని గడ్డం తుడిచి, వెనక్కు వెళ్లి స్తంభానికి ఆనుకుంది.